హైదరాబాద్‌లో మొదటి తేనె పెట్టె: ఏ ఈగలు ఎవరికి సరిపోతాయి?

తేనె పెట్టె కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏడాదికి ఎన్ని కిలోల తేనె వస్తుంది? అమ్మేవాళ్లూ ఆ ఒక్క అంకె చెప్పే పెట్టె అంటగడతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. జూలై, ఆగస్టు నెలల్లో మీ ఇంటికి కిలోమీటరు లోపు ఏం పూస్తుంది? మే నెలలో పెట్టె పెట్టే చోట మధ్యాహ్నం నీడ ఉంటుందా? పక్కింటివాళ్లు బట్టలు ఎక్కడ ఆరేస్తారు? వీటికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఏ ఈగలు తెచ్చుకోవాలన్నది చాలావరకు తేలిపోతుంది. కిలోల సంగతి ఆ తర్వాత.

రెండు రకాలను మొదట్లోనే పక్కన పెట్టేద్దాం. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఎత్తైన భవనాల సన్‌షేడ్ల కింద, నీళ్ల ట్యాంకుల అడుగున వేలాడే పెద్ద తుట్టెలు కొండ తేనెటీగలవి. "మా బిల్డింగ్‌కి తుట్టె పట్టింది, దాన్నే పెట్టెలోకి మార్చుకోవచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. కుదరదు. అవి ఆరుబయట ఒకే ఒక్క పట్టు కట్టుకుని, పూత అయిపోగానే మరో చోటికి వలసపోయే రకం. చీకటి పెట్టెలో ఫ్రేముల (పట్టు కట్టుకునే చెక్క చట్రాల) మధ్య కాపురం చేయవు. రాత్రిపూట ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగి బాల్కనీలో రాలిపడేవి కూడా ఎక్కువగా ఇవే. తుట్టెకు నిప్పు పెట్టించడం, మందు కొట్టించడం మాత్రం వద్దు. సీజన్ అయ్యాక వాటంతటవే వెళ్లిపోతాయి. అంతవరకు ఆ వైపు లైట్లు ఆర్పి, కిటికీలకు మెష్ బిగించుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఇక మిద్దె తోటలో నిమ్మ కొమ్మకో, గోరింట పొదలోనో అరచేతంత పట్టు కనిపిస్తే అది చిన్న తేనెటీగ. అదీ పెట్టెలోకి రాదు. దాన్ని కదిలించకండి, మీ దోస, గుమ్మడి, కాకర పాదులకు పైసా ఖర్చు లేకుండా పని చేసిపెడుతుంది.

మిగిలేవి మూడు. పెంపకందారులు మెల్లిఫెరా అని పిలిచే ఇటాలియన్ తేనెటీగలు, మన పుట్ట తేనెటీగలు, కొండి లేని ముసర ఈగలు.

ముందు పూతల లెక్క

హైదరాబాద్‌లో ఈగలకు తిండి ఏడాది పొడుగునా ఒకేలా దొరకదు. జనవరి, ఫిబ్రవరిలో మామిడి, మునగ. మార్చి నుంచి నేరేడు, వేప, కానుగ, ఆ వెంటనే చింత. కాలనీ రోడ్ల పక్కన నీడ కోసం నాటిన కానుగ చెట్లు విరగబూసినప్పుడు కింద నిలబడితే ఈగల హోరు వినిపిస్తుంది. ఊళ్లో ఉన్న పెట్టెలకు అదే పెద్ద పండగ. వానలు పడ్డాక మాత్రం కథ మారిపోతుంది. ఉన్న కొద్ది పూలలోని మకరందాన్ని వాన కడిగేస్తుంది, ముసురు పట్టిన రోజుల్లో ఈగలు బయటికే రావు. అవసరమైతే చక్కెర పాకం పోసి కాపాడుకోవాల్సిన కాలం ఇది. సెప్టెంబర్, అక్టోబర్‌లో రేగు పూస్తుంది. చలికాలం వచ్చేసరికి ఊరి బయట పొలాల్లో కంది, పొద్దుతిరుగుడు, ధనియాలు అందుకుంటాయి. తాండూరు వైపు అయితే కుసుమ కూడా.

కాబట్టి పెట్టెలు తెచ్చుకోవడానికి మంచి సమయం అక్టోబర్ నెలాఖరు నుంచి జనవరి వరకు. అప్పుడు తెచ్చుకుంటే వేప, కానుగ పూత నాటికి పెట్టెలోని ఈగల కుటుంబం బలపడుతుంది. జూలైలో "ఆఫర్" అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడకండి. ఆ నెలల్లో తిండి పెట్టి సాకే ఖర్చును ఎందుకు మోయాలని వాళ్లే వదిలించుకుంటూ ఉండొచ్చు.

పెట్టె ఎక్కడ పెట్టినా చుట్టూ మనం నాటుకోగలిగినవీ ఉన్నాయి. తులసి, సబ్జా, గడ్డిగులాబీ, గులాబీ రంగు పూల ఆంటిగోనాన్ తీగ, గింజకు వదిలేసిన ధనియాల మడి. ఇవి పెట్టెను పూర్తిగా పోషించలేవు కానీ వానాకాలంలో పుప్పొడికి పనికొస్తాయి.

ఇటాలియన్ ఈగలు: అంకె వెనక లారీ

మెల్లిఫెరా మన ఈగ కాదు. ఎన్నో విఫల ప్రయత్నాల తర్వాత 1962లో, ఇప్పటి హిమాచల్‌లోని నగ్రోటా దగ్గర పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దాన్ని మన దేశంలో నిలదొక్కుకునేలా చేశారు. ఇవాళ తేనె వ్యాపారం ఎక్కువగా దాని మీదే నడుస్తోంది. మంచి సీజన్‌లో ఒక పెట్టెలో యాభై, అరవై వేల ఈగలుంటాయి. స్వభావం మెతక. పెట్టె వదిలి పారిపోవడం తక్కువ. పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె, గదుల అచ్చు వేసిన మైనపు షీట్లు, తేనె తీసే యంత్రం అన్నీ ఒకే కొలతల్లో తేలిగ్గా దొరుకుతాయి. శిక్షణ ఇచ్చే చోట కూడా ఎక్కువగా దీన్నే చూపిస్తారు. ఇవన్నీ కొత్తవాళ్లకు నిజంగా కలిసొచ్చే విషయాలే.

అయితే ఏడాదికి 25 నుంచి 40 కిలోలు అని చెప్పే అంకె వెనక ఒక లారీ ఉంటుంది. రాజస్థాన్ ఆవపూతకు, బిహార్ లిచీ తోటలకు, ఎక్కడ పొద్దుతిరుగుడు పూస్తే అక్కడికి పెట్టెలను రాత్రికి రాత్రి తరలించేవాళ్లకు వచ్చే దిగుబడి అది. మణికొండలో డాబా మీద కదలకుండా కూర్చున్న పెట్టెకు ఆ లెక్క వర్తించదు. అన్ని వేల నోళ్లకు వానాకాలంలో తిండి ఎక్కడి నుంచి వస్తుంది? మీ వంటింటి చక్కెర డబ్బా నుంచే. పాకం పోసిన నెలల్లో పట్టులో చేరేది చక్కెరే కాబట్టి దాన్ని తీసి తేనె అని ఎవరికీ ఇవ్వలేం.

రెండో చిక్కు వర్రోవా నల్లి. పిల్ల ఈగల మీద చేరి రక్తం పీల్చినట్టు పీల్చేసి కుటుంబాన్ని నీరసపరిచే పరాన్నజీవి ఇది. ఇది మొదట్నుంచీ బతికింది మన పుట్ట తేనెటీగ మీదే. అది తరతరాలుగా నల్లితో బతకడం నేర్చుకుంది, ఒంటి మీది నల్లిని దులిపేసుకుంటుంది. ఇటాలియన్ ఈగకు ఆ నేర్పు తక్కువ. ఎప్పటికప్పుడు పిల్ల ఈగలు పెరిగే పట్టు పరీక్షించి, ఫార్మిక్ యాసిడ్ లాంటి వాటితో అదుపు చేయకపోతే పెట్టె నిలవదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, దీన్ని వ్యాపారం కోసం పెంచేవాళ్లు తీసుకోవాలి. వికారాబాద్, తాండూరు, షాద్‌నగర్ వైపు పొలం ఉండి, పెట్టెలను పూత వెంట తిప్పే ఓపిక, బండి, కనీసం ఒక మనిషి తోడు ఉంటే దీనికి మించింది లేదు. సరదాగా ఒక పెట్టె పెట్టుకుందాం అనుకునేవాళ్లకు ఇది దండగ. పత్తి ఎక్కువగా వేసే చోట మాత్రం రైతుతో ముందే మాట్లాడుకోండి. మందు సాయంత్రం కొడతారా, ముందు రోజు చెబుతారా అన్నది పెట్టెల ప్రాణాలకు సంబంధించిన విషయం.

పుట్ట తేనెటీగలు: మన ఊరివే, కానీ అలుగుతాయి

చెట్టు తొర్రలో, పాత గోడ సందులో, వదిలేసిన చెదల పుట్టలో వరసగా ఐదారు పట్లు పక్కపక్కనే కట్టుకునేది ఈ ఈగ. చీకట్లో కట్టుకునే అలవాటు వల్లే పెట్టెలో ఇముడుతుంది. తేనె ఏడాదికి మూడు నుంచి పది కిలోలు. తక్కువే. అయినా ఇంటి చుట్టూ చెట్లున్నవాళ్లకు, మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట వైపు చిన్న తోటో ఫామ్‌హౌసో ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కుటుంబం చిన్నది కాబట్టి ఊరి పూతతోనే ఎక్కువకాలం నెట్టుకొస్తుంది. మన ఎండలు, మన పురుగులు దానికి కొత్త కాదు.

ఒక జాగ్రత్త. దక్షిణాదిలో ఈ ఈగలోనే రెండు తీర్లున్నాయి: కొండ ప్రాంతాల్లో ఉండే నల్లటివి, మైదానాల్లో ఉండే పసుపు పచ్చనివి. కొడగు లాంటి చల్లటి కొండల నుంచి తెచ్చిన కుటుంబం మన మే నెల తట్టుకోవడం కష్టం. "ఎక్కడివి?" అని తప్పకుండా అడగండి. తెలంగాణ, ఆంధ్ర మైదానాల్లో పట్టినవైతే తీసుకోండి.

దీని అసలు సమస్య అలక. నచ్చకపోతే రాణితో సహా పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతుంది. పొద్దున చూస్తే ఉంటుంది, సాయంత్రానికి ఉత్త మైనం. కొత్తవాళ్లు దీన్ని దురదృష్టం అనుకుంటారు కానీ కారణం దాదాపు ఎప్పుడూ ముందే కనిపిస్తుంది. లోపల తిండి అయిపోవడం, ఎండ నేరుగా పడటం, చీమలు, మైనపు పురుగు, లేదంటే యజమాని రోజూ మూత తీసి చూడటం. ఈ చివరిది అన్నిటికంటే ఎక్కువ. వారానికి ఒకసారి, పొద్దున్నే, పది నిమిషాల్లో ముగించండి. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెడితే చీమల బెడద తప్పుతుంది, ఆ గిన్నెలు ఎండకుండా చూడాలి. కొత్తగా తెచ్చిన పెట్టెకు ద్వారం దగ్గర రాణి దాటలేని జాలీ కొన్నాళ్లు బిగించేవాళ్లూ ఉన్నారు. అది తాత్కాలికమే. లోపల బాగోలేకపోతే జాలీ వల్ల బాగుపడదు.

మైనపు పురుగు గురించి రెండు మాటలు. ఈ చిమ్మట పట్ల మీద గుడ్లు పెడుతుంది, లార్వాలు సొరంగాలు చేస్తూ పట్టంతా బూజు పట్టిన గూడులా చేసేస్తాయి. వానాకాలంలో బలహీనంగా ఉన్న పెట్టెలకు ఇది ఖాయం. ఈగలు కప్పని ఖాళీ పట్లను తీసేసి, అడుగు పలకను తరచూ గీకి శుభ్రం చేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది రాష్ట్రాల్లో పుట్ట తేనెటీగల పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. చాలామంది ఇటాలియన్ ఈగల వైపు మళ్లడానికి అది ఒక పెద్ద కారణం. వైరస్ ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పిల్ల పురుగులు గదుల్లోనే తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచుల్లా చచ్చిపడి ఉంటే ఆ పెట్టె కొనకండి.

పెట్టె కొలత విషయంలో రాజీ పడొద్దు. ఈ ఈగకు న్యూటన్ పెట్టె, లేదా ఐఎస్ఐ ఎ-రకం. రెండూ మంచివే, కానీ ఒకదాని ఫ్రేములు ఇంకోదానిలో పట్టవు. ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే కొనసాగించండి. లాంగ్‌స్ట్రాత్ పెట్టె వీటికి మరీ పెద్దది. మెల్లిఫెరా కోసం చేసిన మైనపు షీటు మీద గదులు కూడా పెద్దగా ఉంటాయి, అది కొని పెట్టినా లాభం లేదు. రెండు జాతుల పెట్టెలను ఒకేచోట పక్కపక్కన పెట్టకండి, తిండి లేని రోజుల్లో ఇటాలియన్ ఈగలు వీటి పెట్టె మీద పడి దోచుకుంటాయి.

ముసర ఈగలు: ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు

పాత మీటర్ డబ్బాలోనో, ప్రహరీ గోడ చిల్లులోనో చిన్న మైనపు గొట్టం బయటికి పొడుచుకొచ్చి, దాని చుట్టూ నల్లటి చిన్న ఈగలు తిరుగుతుంటే చూసే ఉంటారు. చాలామంది దోమలనుకుని మందు కొట్టేస్తారు. అవి ముసర ఈగలు, నాలుగు మిల్లీమీటర్ల పొడవు. కుట్టడానికి పనికొచ్చే కొండి వీటికి లేదు. కోపం వస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతకుమించి ఏమీ చేయలేవు. పిల్లలున్న ఇంట్లో, అసోసియేషన్ అనుమతి దొరకని అపార్ట్‌మెంట్‌లో ఇంతకంటే తగినవి లేవు.

వీటికి ఫ్రేములు, పొగ డబ్బా, యంత్రం ఏవీ అక్కర్లేదు. మందపాటి చెక్క డబ్బా, మట్టి కుండ, వెదురు బొంగు, దేనిలోనైనా ఉంటాయి. చెట్ల జిగురుతో మైనం కలిపి చిన్న చిన్న కుండల్లా కట్టి వాటిలో తేనె నింపుతాయి. పుట్ట తేనెటీగల్లా పారిపోతాయేమోనని భయపడేవాళ్లకు ఇంకో ఊరట: కాపురం పెట్టిన ముసర రాణి ఒళ్లు బరువెక్కి ఎగరలేదు. కాబట్టి పెట్టె వదిలి కుటుంబమంతా పారిపోవడం అనేది వీటిలో జరగదు. వర్రోవా గొడవ లేదు. కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతాయి కాబట్టి మీ మిద్దె తోట, పక్క పార్కు ఉంటే చాలు. బాల్కనీలో నీడ పట్టున, వాన జల్లు తగలని చోట పెట్టండి. పల్చటి ప్లైవుడ్ డబ్బా మాత్రం వద్దు, మే నెల సెగకు లోపలి జిగురు మెత్తబడుతుంది.

తేనె ఎంత? ఏడాదికి పావు కిలో నుంచి అర కిలో. పుల్లగా, పల్చగా ఉంటుంది, నీటి శాతం ఎక్కువ కాబట్టి త్వరగా పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ తేనె మామూలు దానికి ఎన్నో రెట్ల ధర పలకడం, అన్ని రోగాలకూ మందని ప్రచారం జరగడం చూస్తున్నాను. రుచి ప్రత్యేకమైనది, దొరికేది తక్కువ, అందుకే ధర. మందు సంగతి డాక్టరుకు వదిలేయడం మేలు. ఒకటి మాత్రం ఏ తేనెకైనా వర్తిస్తుంది: ఏడాది లోపు పసిపిల్లలకు నాలుకకు కూడా రాయకూడదు.

తేనె కోసమే ఈగలు కావాలనుకునేవాళ్లు ముసర పెట్టెతో నిరాశ పడతారు. తోట కాపు పెరగాలి, పిల్లలు దగ్గర నుంచి చూడాలి అనుకునేవాళ్లు పడరు.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు

ఇటాలియన్, పుట్ట తేనెటీగలు రెండింటికీ ఒకటే పరీక్ష. మూత తీయించి చూడకుండా డబ్బులివ్వకండి. రాణి కనిపించకపోయినా ఫర్వాలేదు, గదికి ఒక్కొక్కటి చొప్పున నిలువుగా నిలబెట్టిన గుడ్లు కనిపించాలి. ఒకే గదిలో నాలుగైదు గుడ్లుంటే రాణి లేదు, కూలీ ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం, ఆ పెట్టె వద్దు. మూతలు పడ్డ పిల్ల ఈగల గదులు ఒత్తుగా పరుచుకుని ఉండాలి, మధ్యమధ్య ఖాళీలు ఎక్కువుంటే జబ్బో, రాణి నీరసించడమో కావచ్చు. కనీసం నాలుగు ఫ్రేములు ఈగలతో నిండుగా ఉండాలి. "ఎనిమిది ఫ్రేముల పెట్టె" అని అమ్మి, అందులో నాలుగు ఖాళీ ఫ్రేములు పెట్టడం మామూలే. లెక్కపెట్టాల్సింది ఈగలున్న ఫ్రేములనే. రాణి వయసు ఏడాది లోపు ఉంటే మంచిది.

స్థోమత ఉంటే ఒకటి కాదు, రెండు తెచ్చుకోండి. ఒకదానిలో రాణి చచ్చిపోతే రెండోదాని నుంచి గుడ్లున్న ఫ్రేము ఇస్తే చాలు, ఈగలే కొత్త రాణిని పెంచుకుంటాయి. ఇటాలియన్‌లో గుడ్డు నుంచి రాణి బయటికి రావడానికి పదహారు రోజులు. ఒక్క పెట్టే ఉంటే ఆ అవకాశం లేదు. పైగా ఏది బాగున్నట్టు, ఏది నీరసించినట్టు అన్నది పక్కన ఇంకోటి ఉంటేనే తెలుస్తుంది. ముసర ఈగలకు ఒకటైనా నడుస్తుంది.

పెట్టెను రాత్రిపూట, ద్వారం మూసి తరలించాలి. ఒకసారి పెట్టాక డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకు జరపకూడదు, బయటికెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి తిరుగుతాయి. రోజుకు అడుగో రెండడుగులో జరపాలి, లేదంటే మూడు కిలోమీటర్లు దాటించాలి. అందుకే మే నెల నీడ ఎక్కడ పడుతుందో డిసెంబర్‌లోనే లెక్క వేసుకోండి. పెట్టెలో పిల్ల ఈగల గదుల దగ్గర ముప్పైనాలుగు, ముప్పైఅయిదు డిగ్రీలు నిలబెట్టడానికి ఈగలు ఎండాకాలమంతా నీళ్లు మోసి విసురుతూనే ఉంటాయి. పెట్టె మీద తడి గోనె సంచి కప్పి, పక్కనే వెడల్పాటి పళ్లెంలో రాళ్లు వేసి నీళ్లు పెట్టండి. అది లేకపోతే పక్కింటి కూలర్ దగ్గరికి పోతాయి, గొడవ అక్కడ మొదలవుతుంది.

పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. ద్వారం ముందు ఆరడుగుల ఎత్తున గ్రీన్ నెట్ కడితే ఈగలు పైకి లేచి ఎగిరిపోతాయి, మనుషుల ముఖాలకు అడ్డం రావు. కుడితే కొండిని వేలితో నొక్కి పీకకుండా గోటితో గీకి తీసేయాలి. కుట్టిన చోట వాపు మామూలే. ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు అలా జరిగి ఉంటే ముసర ఈగలు తప్ప మిగతా రెండింటి జోలికి పోవద్దు.

శిక్షణకు దూరం వెళ్లనక్కర్లేదు. రాజేంద్రనగర్‌లోనే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఎన్‌ఐఆర్‌డీ) గ్రామీణ టెక్నాలజీ పార్కు, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తేనెటీగల పెంపకం శిక్షణ తేదీలు అక్కడ కనుక్కోండి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ కింద అర్హులకు పెట్టెలు సబ్సిడీ మీద వస్తాయి, వ్యాపారంగా చేయాలనుకునేవాళ్లు పెంపకందారుల నమోదు కోసం కేంద్రం పెట్టిన మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. తేనె అమ్మేట్టయితే చిన్న మొత్తమైనా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. శిక్షణకు వెళ్లినప్పుడు వెనక వరసలో నిలబడి నోట్స్ రాసుకోకుండా, ముసుగు వేసుకుని ఒక్కసారైనా మీ చేత్తో ఫ్రేము పైకెత్తండి. ఆ హోరు మధ్య చేతులు వణక్కుండా ఉంటే పుట్ట తేనెటీగలకు అడ్వాన్స్ ఇవ్వండి, వణికితే ముసర డబ్బాతో మొదలుపెట్టండి.